లారీ ట్యూబు బిరడా

కంభంలో నాకు గది అద్దెకిచ్చిన కిరాణా వర్తకుడు మొదటి నెల తిరక్కముందే ఒక షరతు పెట్టాడు. పని నుంచి రాగానే వీధి తలుపు తట్టకూడదు. పెరటి దారిన వచ్చి, బావి దగ్గర నీళ్ళు పోసుకుని, తడిబట్టలతోనే గదిలోకి పోవాలి.

"నాకేం పట్టింపు లేదు సారూ. నేను మీ ఉపన్యాసం విన్నోణ్ణే. ఇంట్లో ఆడోళ్ళు ఊరుకోవడంల్యా," అన్నాడు.

ఆ ఇంటి ఆడవాళ్ళు నాతో ఒక్క మాట కూడా మాట్లాడి ఎరగరు. మగవాడు తన పట్టింపును ఆడవాళ్ళ మీదికి తోసి చేతులు దులుపుకోవడం మీద నేను అప్పటికే రెండు వ్యాసాలు రాసి ఉన్నాను. అయినా పెరటి దారికే ఒప్పుకున్నాను. ఊళ్ళో నాకు గది ఇచ్చిన నాలుగో మనిషి అతను. ముందు ముగ్గురూ నా పని ఏమిటో తెలిసిన రోజే ఖాళీ చేయమన్నారు.

నా పని మగపంది వీర్యం తీయడం. రాష్ట్రం ఏర్పడి ఎక్కువ కాలం కాలేదు. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు ఇంకా కర్నూలు జిల్లాలో ఉండేవి. కొత్త ప్రభుత్వానికి కొత్త ఉత్సాహాలు. వాటిలో ఒకటి, నాటుపందులకు సీమపంది జాతిని కలిపి పెద్ద పిల్లలను పుట్టించడం. కంభం నుంచి గిద్దలూరు పోయే రోడ్డు మీద, ఊరికి మైలు దూరంలో, రేకుల కప్పుతో ఒక షెడ్డు వేశారు. తెల్లటి మగపందిని ఒకదాన్ని రైల్లో తెచ్చి దించారు. ఎండకు దాని చెవులు కమిలిపోయేవి. మధ్యాహ్నం పూట దాని మీద తడి గోనెపట్టాలు కప్పాల్సి వచ్చేది. అంత బరువుగల జంతువును రాళ్ళదారుల్లో ఊరూరా నడిపించలేం. ఎదకొచ్చిన ఆడపందిని మైళ్ళ దూరం తోలుకురావడమూ కుదరదు. అందుకని వీర్యాన్నే సీసాలో మోసుకుపోవాలి. శిక్షణలో మాకు నేర్పింది అదే.

నేర్పినదాంట్లో ఎక్కువ భాగం భయాలే. వీర్యకణాలు ఎంత చురుకైనవో అంత సుకుమారమైనవి. చల్లటి గాజు తగిలితే చస్తాయి. సీసా లోపల సబ్బు జిడ్డు మిగిలితే చస్తాయి. మామూలు నీటిబొట్టు కలిసినా తోకలు చుట్టుకుని ఆగిపోతాయి. చెక్కతో చేసిన బొమ్మపందిని మగపంది ఎక్కినప్పుడు, కింద పట్టే గ్లాసు మనిషి ఒంటి వెచ్చదనంలో ఉండాలి. వీర్యంతో పాటు వచ్చే జిగురును పల్చటి నూలుగుడ్డతో వడగట్టాలి. ఆ గుడ్డను కూడా సబ్బు వాసన పోయేదాకా మరిగించిన నీళ్ళలో జాడించాలి. ఇవన్నీ నేను అక్షరాలా పాటించేవాణ్ణి. దేవుణ్ణి నమ్మనివాడు దేన్నో ఒకదాన్ని గట్టిగా పట్టుకోవాలి కదా, నేను శుభ్రతను పట్టుకున్నాను.

సహాయానికి మనిషి కావాలంటే ఊళ్ళో ఎవరూ రాలేదు. చివరికి అడవివైపు దారిలో ఉన్న ఎరుకల గూడెం నుంచి ఒకామె వచ్చింది. యాభై దాటి ఉంటుంది. భర్త పోయి చాలా ఏళ్ళయింది. పందులు ఈనేటప్పుడు పిల్ల అడ్డం తిరిగితే చుట్టుపక్కల అందరూ ఆమెనే పిలిచేవాళ్ళు. గూడెంలో ఆడవాళ్ళ కానుపులకు కూడా ఆమె చెయ్యే పడాలి. మొదటిరోజు నన్ను "దొరా" అంది. అట్లా పిలవొద్దన్నాను.

"మరేమనాల?"

"పేరు పెట్టి పిలువు."

"పేరు పెట్టి పిలిస్తే నువ్వు నాకు మొగుడివో కొడుకువో తెలియాల గదా," అని నవ్వి, "నాయనా అంటాలే. మా పందులకు నువ్వేగా నాయనవు," అంది.

ఆ ఊళ్ళో నా ఎదుట నవ్విన మొదటి మనిషి ఆమె. మధ్యాహ్నం తన జొన్నరొట్టెలో సగం నా చేతిలో పెట్టేది. పచ్చిమిరపకాయ కారం దానికి తోడు. ఆదివారాల్లో నేను రైలెక్కి మార్కాపురం పోయేవాణ్ణి. అక్కడ ఒక పఠనాలయంలో మా హేతువాద మిత్రుల చర్చలు జరిగేవి. సహపంక్తి భోజనాల గురించి గొంతు చించుకునే ఆ మిత్రులు, నేను బల్ల మీద కూర్చోగానే ఒకడి తరువాత ఒకడు కిటికీ దగ్గరికి లేచిపోయేవారు. గాలి కోసమట. రెండుసార్లు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయినా వాళ్ళకు గాలి కావలసి వచ్చేది. వారం మొత్తంలో నా పక్కన కూర్చుని తిన్నది ఆ రొట్టె పెట్టిన మనిషి ఒక్కతే. సమాజ సంస్కరణ మీద నేను రాసిన వ్యాసాల్లో ఎక్కడా ఈ సంగతి రాయలేదు. సిగ్గేసింది.

ఆమెకు పని నేర్పాను. నేర్పడం అనడం కూడా ఎక్కువే. గొట్టాన్ని ఏ వాలున పెట్టాలో, ఆడపంది నడుం మీద ఎంత బరువు వేస్తే అది కదలకుండా నిలుస్తుందో నాకన్నా ఆమెకే బాగా తెలుసు. నేను నేర్పింది కడగడం ఒక్కటే. సబ్బు పెట్టాక మరిగించి చల్లార్చిన నీళ్ళు మూడుసార్లు పోసి జాడించాలి, సబ్బు మిగిలిందంటే విషమే అని చెప్పాను. ఆమె మూడుసార్లూ పెదవులు కదిలిస్తూ లెక్కపెట్టుకునేది. రోడ్డు పక్క ఊళ్ళకు నేను సైకిల్ మీద పోయేవాణ్ణి. సైకిలు పోని కొండదారి గూడేలకు ఆమె గంపలో సీసా పెట్టుకుని నడిచిపోయేది. ఎండ తగలకుండా సీసా చుట్టూ గుడ్డ, గడ్డి చుట్టేది.

ఇక బిరడాల సంగతి. సీసాలతో పాటు వచ్చిన చెట్టుబెరడు బిరడాలు దారిలోనే బూజు పట్టాయి. వాటిని మరిగిస్తే పొడి రాలేది. నేను వాటన్నిటినీ పారేసి, గిద్దలూరు బస్టాండు దగ్గర, నల్లమల దిగి వచ్చే లారీలకు పంక్చర్లు వేసే ఒకాయన దగ్గరికి పోయాను. పాత లారీ ట్యూబు ముక్కలు పొరలు పొరలుగా అతికించి, సీసా మూతికి సరిపోయేట్లు కోసి ఇమ్మన్నాను. ఎందుకో చెబితే ఆయన కాసేపు పనాపి నన్నే చూశాడు.

"కొండెక్కే లారీకి గాలి ఆపే రబ్బరు సారూ ఇది. నీ పందికి ఆపదా?" అన్నాడు. పక్కనున్న క్లీనర్లు పగలబడి నవ్వారు.

నేనూ నవ్వాను. ఆ బిరడాలంటే నాకు గర్వం. ఎంత మరిగించినా చెక్కు చెదరవు, సీసా తలకిందులు చేసినా చుక్క కారదు. చూస్తే ఎవరికైనా అర్థమయ్యే శుభ్రత. పై అధికారికి రాసిన కాగితంలో కూడా వాటి గురించి నాలుగు మాటలు రాసుకున్నాను.

మూడు వారాలు గడిచాక ఆడపందులు మళ్ళీ ఎదకొస్తే చూడి నిలవలేదని అర్థం. నేను పోయిన ఊళ్ళలో కొన్ని నిలిచాయి, కొన్ని నిలవలేదు. ఆమె పోయిన గూడేలలో అన్నీ మళ్ళీ ఎదకొచ్చాయి. మరో విడత కూడా అంతే. నా బల్ల మీద, సీసాలో పోసే ముందు, ప్రతిసారీ ఒక చుక్క మైక్రోస్కోపు కింద చూసేవాణ్ణి. ఉడుకుతున్న అన్నంలా కళకళలాడుతుండేది. కాబట్టి నా బల్ల దగ్గర తప్పు లేదు. పంది నుంచి తీసేటప్పుడూ తప్పు లేదు. మిగిలింది దారి. దారిలో ఉన్నది ఆమె. నా తర్కం అంతే. దాంట్లో ఏ మెట్టు తప్పిందో చాలాకాలం నాకు కనబడలేదు.

ఆ రోజుల్లోనే ఒకసారి ఆమె సీసా తిరిగి తెచ్చినప్పుడు దాని మూతికి రబ్బరు లేదు. తెల్లటి ముక్క ఏదో ఉంది.

"వాగు దాటేటప్పుడు గంప వొరిగింది నాయనా. నీ రబ్బరు నీళ్ళలో పడి కొట్టకపాయ. సీసా నిలబెట్టి పట్టుకుంటి, చుక్క పోలా. మా సంచిలో జీలుగ బెండు ఉండె, చెరువులో వలలకు కడతారే, అదే కోసి బిగించినా."

కంభం చెరువు అంచుల్లో మొలిచే జీలుగ కాడల లోపలి బెండు అది. వేలితో నొక్కితే సొట్టపడేంత మెత్తన. నేను దాన్ని లాగి ఆమె ఎదుటే చెత్తలో పడేశాను. "వలకు కట్టేది తెచ్చి సీసాకు పెడతావా? ఎన్నిసార్లు చెప్పాను శుభ్రత గురించి?" అన్నాను. ఆమె సీసా తీసుకుని కడగడానికి కూర్చుంది. ఆ సీసా ఏ పందికి వేసిందో మాత్రం చెప్పింది. తన బావగారి పందికట. బావ అంటే పోయిన భర్త అన్న, ఆ గూడేనికి పెద్ద.

ఆ తరువాతి ఆదివారం మార్కాపురంలో నా ఉపన్యాసం. విషయం నేనే ఎంచుకున్నాను. మంచి చెయ్యి, చెడ్డ చెయ్యి అనే నమ్మకం. విత్తనాలు ఎవరి చేత చల్లించాలి, తొలి బేరం ఎవరి చేతి మీదుగా జరగాలి, విధవ చెయ్యి శుభానికి ఎందుకు పనికిరాదు, వీటన్నిటినీ ఒక్కొక్కటిగా చీల్చి చెండాడాను. కారణం వెతకడం బద్ధకమైనవాడు మనిషి చేతిని నిందిస్తాడు అన్నాను. చప్పట్లు బాగానే కొట్టారు, కిటికీ దగ్గర నిలబడి.

సోమవారం షెడ్డుకు వచ్చాను. మరో గూడెంలో రెండు పందులు మళ్ళీ ఎదకొచ్చాయని కబురు. ఆమె చుట్ట ఆర్పి చెవి సందున పెట్టుకుని లోపలికి వస్తున్నది. చుట్ట, పొగాకు అంటిన వేళ్ళు, గోళ్ళు, గంపలో సీసా పక్కనే వడిలిన ఆకుకూర, అన్నీ ఒక్కసారి కళ్ళబడ్డాయి.

"నా దగ్గర బతికున్నవి నీ చేతిలో చచ్చిపోతున్నాయి. ఇక నువ్వు రావొద్దు," అన్నాను.

ఆమె గుమ్మం దగ్గరే ఆగింది. "నా చేతిలోనా?" అంది.

"నీ చేతిలోనే."

గోనెపట్టాలు తడపడానికి నీళ్ళు తెచ్చిన ఇద్దరు మనుషులు అక్కడే ఉన్నారు. ఇద్దరూ ఆ గూడెం వాళ్ళే. పై అధికారికి పంపిన కాగితంలో నేను రాసింది 'సహాయకురాలి అపరిశుభ్రత' అని. వాళ్ళు గూడేనికి మోసుకుపోయింది, ఆమె చెయ్యి చెడ్డదని సారే చెప్పాడని. విధవ చెయ్యి అని వెనకనుంచి గొణిగే నోళ్ళు అక్కడ ముందే కొన్ని ఉన్నాయి. చదువుకున్నవాడి మాట వాటికి దొరికింది. ఆ నెల్లో ఇద్దరు గర్భిణుల కోసం గిద్దలూరు వైపు నుంచి వేరే మంత్రసానిని పిలిపించారని విన్నాను. యాభై ఏళ్ళు బతికిన మనిషికి ఉన్న ఒక్క పేరు అది. దాన్ని నేను పోగొట్టాను. విన్నప్పుడు మాత్రం ఈ మాట అనుకోలేదు. మూఢనమ్మకం ఎంత మొండిదో అనుకున్నాను.

మధ్యాహ్నాలు రొట్టె లేదు. పందికి గోనెపట్టా కప్పి, దాని పక్కనే స్టూలు మీద కూర్చుని, హోటలు నుంచి తెచ్చుకున్న అన్నం తినేవాణ్ణి. హోటల్లో నా గ్లాసు విడిగా, గూట్లో బోర్లించి ఉండేది. మాట్లాడాలనిపిస్తే పందితో మాట్లాడేవాణ్ణి. అది మూలిగేది. ఒకరోజు దాని దగ్గర నిలబడి, పఠనాలయంలో మాట్లాడినట్టు, చెయ్యెత్తి వాదిస్తున్నానని నాకే తెలిసి ఆగిపోయాను.

ఆమెను పంపేసి నాలుగు నెలలు కావస్తుండగా ఆమె బావగారు షెడ్డుకు వచ్చాడు. నవ్వు ఆపుకోలేకుండా ఉన్నాడు.

"సారూ, మా పంది ఈనింది. అన్నీ తెల్లగా, బారుగా. మీ పంది మొకమే. మా నల్లదానికి అవి తన పిల్లలే అని నమ్మకం కుదర్లా. వాసన చూస్తాది, నన్ను చూస్తాది."

అతను నవ్వుతూనే ఉన్నాడు. నేను ఆమె మోసిన సీసాల చిట్టా తీసి చూశాను. ఆమె మోసుకుపోయిన సీసాల్లో నిలిచింది అదొక్కటే. అదే చెయ్యి. అదే చుట్ట, అదే గంప, అదే ఎండ. దారి కూడా అంతే దూరం. మారింది బెండు ఒక్కటే.

మర్నాడు తీసిన వీర్యాన్ని మూడు సీసాల్లో పోశాను. ఒకదానికి నా రబ్బరు బిరడా. ఒకదానికి చెరువు నుంచి తెచ్చి కోసిన బెండు. ఆ రెంటినీ ఆమె పెట్టుకున్నట్టే గంపలో పడుకోబెట్టి, నడిచే మనిషి నెత్తిన ఊగినట్టే ఊపుతూ షెడ్డు చుట్టూ తిరిగాను. మూడోదానికి రబ్బరే పెట్టి, నా సైకిలు సంచిలో ఉండేట్టే నిలువుగా బల్ల మీద ఉంచాను. గంట తరువాత చూశాను. రెండు గంటల తరువాత చూశాను. బెండు సీసాలోవి ఈదుతున్నాయి. నిలువుగా ఉంచినదాంట్లో సగం పైగా ఈదుతున్నాయి. వీర్యం రబ్బరుకు తగులుతూ ఊగిన సీసాలో ఒక్కటి కూడా కదల్లేదు. బియ్యంలో నూకలా పడి ఉన్నాయి.

రబ్బరుకు గట్టితనం రావడానికి వేసే గంధకమూ మందులూ, ట్యూబు అతికించిన జిగురూ, అన్నీ ఆ బిరడాలో ఉన్నాయి. ఎంత మరిగించినా అవి పోవు. ఇది తెలుసుకోవడానికి నాకు కావలసినవన్నీ మొదటి రోజు నుంచీ నా బల్ల మీదే ఉన్నాయి. సీసాలో పోసేముందు చూశాను గానీ, సీసాలో ఉంచి చూడలేదు. ఉంచి చూస్తే తప్పు నా సామానుదని తేలే వీలుంది. ఆమెను అనుమానించడానికి అంత పని పడలేదు.

పై అధికారికి రాశాను. జవాబు రాలేదు. కానీ ఆ మాట చెప్పాల్సింది అధికారికి కాదు, నాకు తెలుసు. ఇంకోరోజు పొద్దున్నే మైక్రోస్కోపు పెట్టె సైకిలుకు కట్టి, రెండు రకాల సీసాలు గంపలో పెట్టుకుని, వాగు దాకా తొక్కి, అక్కణ్ణుంచి సైకిలు నెట్టుకుంటూ గూడేనికి పోయాను.

ఆమె వేపచెట్టు నీడన గంపలల్లడానికి ఈతబరిక చీలుస్తున్నది. తలెత్తకుండానే, "ఏంది నాయనా, పెట్టె మోసుకొచ్చినావు? మళ్ళా ఏమన్నా చచ్చినాయా?" అంది.

బావగారితో పాటు పదిమంది దాకా పోగయ్యారు. నులకమంచం మీద మైక్రోస్కోపు నిలబెట్టి, అద్దాన్ని ఎండకు తిప్పాను. వచ్చిన విషయం చెప్పాను. తప్పు నాదనీ, నేను పెట్టిన బిరడాదనీ, ఆమె చేతిది కాదనీ రెండుసార్లు చెప్పాను. ఒక్కొక్కరే వంగి చూశారు.

"చీమల మాదిరి ఉరుకుతాండాయి," అన్నాడు బావగారు. రెండో సీసా చుక్క చూపించాను. "ఇవి పడుకున్నాయి," అన్నాడు. తరువాత నడుం నిటారు చేసి, "సరే సారూ. అప్పుడు చెయ్యి చెడ్డదంటివి. ఇప్పుడు రబ్బరు చెడ్డదంటివి. వచ్చేనెల ఏది చెడ్డదంటావు?" అన్నాడు.

అందరూ నవ్వారు.

"ఇప్పుడు నేను చూపిస్తున్నాను కదా," అన్నాను.

"అప్పుడు చూపియ్యకుండానే అంటివి గదా," అంది ఆమె. ఈతబరిక చీలుస్తూనే అంది. ఆ మాటకు ఎవరూ నవ్వలేదు.

నాకు వాదించడం అలవాటు. చర్చల్లో ఎదుటివాడి మాట పూర్తవకముందే నా జవాబు సిద్ధంగా ఉండేది. ఆ రోజు మైక్రోస్కోపు వదిలి ఆమె ఎదుట కింద కూర్చున్నాను. "మళ్ళీ పనికి రా అక్కా," అన్నాను. అంతకుముందు ఆమెను ఎప్పుడూ అక్కా అని పిలవలేదు.

ఆమె ఆ పిలుపు విన్నది. నా వంక చూసింది. "రాను నాయనా. నీతో కోపం ల్యా. రొట్టె తినిపో కావాలంటే. నీ సీసాలు ఇంకెవురన్నా మోస్తారు. నా చెయ్యి మళ్ళా నీ చేతిలో పెట్టలేను," అంది.

చివరి గుడిసెలోంచి ఒకామె వచ్చింది. బావగారి భార్య. ఆ ఇంట్లో కోడలికి తెల్లవారినుంచీ నొప్పులట. గిద్దలూరు మంత్రసానికి కబురు పోయింది, ఆమె రాలేదు. వచ్చినామె మా గుంపు దాటి వచ్చి, ఈతబరికల ముందు నిలబడింది. ఏం అడగాలో తెలియక కొంగు చివర నలుపుతున్నది.

"రాయే," అంది చివరికి.

"నా చేతితోనా?"

"పిల్ల కాళ్ళు ముందుకొచ్చినాయే. మాటలు తర్వాత పెట్టుకుందాం, రాయే."

ఆమె కత్తి పక్కన పెట్టి లేచింది. ముంత తీసుకుంది. సబ్బుముక్క అడిగి తెప్పించుకుంది. మోచేతుల దాకా రుద్ది, నీళ్ళు పోసుకుంది. రెండోసారి పోసుకుంది. మూడోసారి పోసుకుంటున్నప్పుడు ఆమె పెదవులు కదలడం చూశాను. తుడుచుకోకుండా, చేతులు ముందుకు చాపి పట్టుకుని నడిచిపోయింది. మిగతావాళ్ళంతా ఆమె వెనకే పోయి ఆ గుడిసె ముందు నిలబడ్డారు.

నేను మంచం పక్కన ఉండిపోయాను. సర్దుకుని పోవచ్చు. పోబుద్ధి కాలేదు. ఆ గుమ్మం దగ్గరికి పోవడానికి నాకు చుట్టరికం లేదు, పనీ లేదు. ఎండ మారినప్పుడల్లా అద్దం తిప్పుకుంటూ కూర్చున్నాను. లోపల అరుపులు ఆగాయి. మళ్ళీ మొదలయ్యాయి. మధ్యలో ఆమె గొంతు, పందులను బుజ్జగించినప్పటి గొంతే, నెమ్మదిగా ఏదో చెబుతున్నది.

పొద్దు వాలే వేళకు బిడ్డ ఏడ్చింది. గుడిసె ముందు మాటలు ఒక్కసారిగా పెరిగాయి. ఎవరో ఆమెను బంధుత్వం పెట్టి పిలిచారు, ఇంకెవరో పిలిచారు. నాకు చెప్పాలని ఎవరికీ తోచలేదు.

బెండు సీసాలోంచి ఇంకొక చుక్క తీసి గాజుపలక మీద వేసి చూశాను. చాలావరకు ఆగిపోయాయి. మూడో నాలుగో ఇంకా ఈదుతున్నాయి. పిలిచి చూపిద్దామని తలెత్తాను. అందరూ అటు తిరిగి ఉన్నారు. మళ్ళీ వంగి, వెలుతురు చాలినంతసేపు నేనే చూశాను.